ధర తగ్గెను, అప్పు తగ్గలేదు

2025వ సంవత్సరము ఏప్రిల్ తొలివారమున అమెరికా సంయుక్త రాష్ట్రములు భారతదేశపు సరకులపై హెచ్చు సుంకములు విధింపనున్నట్లు ప్రకటించినవి. కొద్ది దినములకే ఆ సుంకములలో అధికభాగమును తాత్కాలికముగా నిలిపివేసినవి. సుంకము నూటికి 50కి చేరినది ఆగస్టు 27వ తేదీన. కాని పశ్చిమ గోదావరి, నెల్లూరు జిల్లాల చెరువుగట్ల మీద రొయ్య ధర ఆగస్టు వరకు ఆగలేదు. ఏప్రిల్ లోనే, ఆ వార్త వెలువడిన దినములలోనే పడిపోయెను. సరకు ఓడ యెక్కకముందే, సుంకము ఒక్క రూపాయియు వసూలు కాకముందే, రైతు ఆ సుంకమును తన వంతుగా చెల్లించి కూర్చుండెను. ఆ వారమున రొయ్యల మేత ధర తగ్గినదా? తగ్గలేదు. చెరువు కౌలు తగ్గినదా? అది ముందే చెల్లింపబడి యుండెను. మేత దుకాణపు బాకీ, దానిపై వడ్డీ తగ్గినవా? అవియును తగ్గలేదు.

అమెరికా సుంకముల హెచ్చుతగ్గులు ఎట్లున్నను, ఈ చిన్న సంఘటనలో ఒక పెద్ద సత్యము ఇమిడియున్నదని మా యభిప్రాయము. ఆర్థిక సంక్షోభమన సామాన్యముగా బ్యాంకులు మూతపడుట, వాటాల బజారు కూలుట, ఉద్యోగములు పోవుట అని పట్టణవాసులమైన మనము తలంతుము. పల్లెకు సంక్షోభము వచ్చు తోవ వేరు. అది రైతు అమ్మెడి వస్తువు ధరను వెంటనే తాకును. రైతు చెల్లింపవలసిన మొత్తములను మాత్రము తాకదు. ధర కదలునది, బాకీ కదలనిది. ఈ రెండింటి నడుమ పడిన సందులోనే రైతు భూమి చేజారిపోవును. చెన్నపట్టణమున వృత్తులలోను ఉద్యోగములలోను స్థిరపడిన తెలుగువారు ఈ విషయమును పరుల గాథగా చదువుటకు వీలులేదు. ఏలయన, కదలని ఆ బాకీలలో ఒకటి మన పేరిటనే వ్రాయబడి యుండవచ్చును. దానిని గూర్చి తుదకు చెప్పుదుము.

పరిశ్రమకును వ్యవసాయమునకును గల భేదమును ముందుగా గుర్తింపవలెను. గిరాకి తగ్గినచో యంత్రశాల యజమాని పనిగంటలు తగ్గించును, కూలీలను తొలగించును, సరకు చేయుట ఆపును. బజారులో సరకు తగ్గుటచే ధర కొంతవరకైనను నిలుచును. ఆ బాధ కూలివానికి సంక్రమించుట నిజమే; ధర మాత్రము కాపాడబడును. రైతునకు ఈ సౌకర్యము లేదు. నాట్లు పడిన పిమ్మట పంట నాగుమన్న ఆగదు. మీదుమిక్కిలి, ధర పడినకొలదిని ఆతడు మరింత అమ్మవలసి వచ్చును. పది బస్తాలతో తీరు కిస్తీకి ఇరువది బస్తాలు కావలసి వచ్చినపుడు, ఇంటికి దాచుకొనదలచిన గింజలు కూడ బండి యెక్కును. ఊరందరును అదే పని చేయుటచే ధర మరికొంత జారును. 1929కిని 1932కును నడుమ అమెరికాలో యంత్రశాలల ఉత్పత్తి ఇంచుమించు సగమునకు తగ్గెను. వ్యవసాయోత్పత్తి పెద్దగా తగ్గలేదు. పంటల ధరలు మాత్రము సగమునకు మించి పడిపోయెను. అచ్చటి రైతుల పొలములు వేలము పాటలకు వచ్చుటకు ఇదియే ముఖ్య కారణము.

ఆ మాంద్యము మన కృష్ణా, గోదావరి డెల్టాలను తాకిన విధము నేటికిని పాఠముగా చదువదగినది. ఆనకట్టల నీటితో వరి పండించు ఆ సీమ, కేవలము కడుపునకు గాక బజారునకు పండించుట అప్పటికే అలవరచుకొనియుండెను. బజారున నమ్మునట్టి రైతే బజారునకు లోబడును. బర్మా, సయాము, ఇండోచైనా దేశములు ఎగుమతి చేయు బియ్యమే ఆసియా ఖండమున ధర నిర్ణయించుచుండెను. 1930 చివరి భాగమున ఆ ధర కూలినపుడు తణుకులోను తెనాలిలోను ధాన్యపు ధర కూడ దానితోపాటు దిగెను. 1933 నాటికి ధాన్యము ధర 1929 నాటి దానిలో సుమారు సగమే మిగిలెను.

అపుడు కదలనివి ఏవి? మొదటిది శిస్తు. రైతువారీ పద్ధతిలో శిస్తు నగదు రూపమున నిర్ణయింపబడి, సామాన్యముగా ముప్పది యేండ్ల కొకమారు తిరిగి లెక్కింపబడుచుండెను. మాంద్యమునకు సరిగా ముందు, 1920-30 దశాబ్ది చివర, ఈ డెల్టా జిల్లాలలో ఆ పునర్నిర్ణయము జరిగెను. ధరలు పెరిగినవి గనుక శిస్తు పెరుగవలెనని వాదించి, రూపాయికి మూడణాల వరకు హెచ్చింపు తలపెట్టిరి. హెచ్చింపు కాగితము మీదికి వచ్చునప్పటికి ఆ హెచ్చింపునకు ఆధారమైన ధర మాయమయ్యెను. ధరలు పెరిగినవను వాదముతో లెక్కించిన శిస్తును ధరలు కూలిన యేటి గింజలతో చెల్లింపవలసి వచ్చెను. ఆ జిల్లాలలో శిస్తు నిరాకరణోద్యమము తలయెత్తుటకు రాజకీయ కారణములతో పాటు ఈ సాదా లెక్కయు కారణము.

రెండవది అప్పు. చెన్నరాష్ట్ర బ్యాంకింగు విచారణ సంఘము 1930లో ఈ రాజధానిలోని గ్రామీణుల ఋణమును 150 కోట్ల రూపాయలని అంచనా వేసెను. 1935లో సత్యనాథన్ గారు ప్రభుత్వమునకు సమర్పించిన నివేదికలో అది సుమారు 200 కోట్లుగా తేలెను. అయిదేండ్లలో 50 కోట్లు హెచ్చుట చూచి ఆశ్చర్యపడువారు గమనింపవలసిన దింకొకటి కలదు: ఒక్క రూపాయి కొత్త అప్పు చేయకున్నను రైతు ఋణము రెట్టింపైయుండెను. నూరు రూపాయలకు ఇదివరలో తూచిన ధాన్యమునకు రెట్టింపు ఇప్పుడు తూచవలెను గదా! ప్రామిసరీ నోటు మీది అంకె మారలేదు. గాదెలోని లెక్క మారినది.

రైతు ముందుగా చేయునది చాల చోట్ల ఒక్కటే: ఇంటిలోని బంగారము తీయుట. 1931 సెప్టెంబరున బ్రిటన్ బంగారపు ప్రమాణమును విడనాడగా, రూపాయి పౌనుతో ముడివడియున్న హేతువున, రూపాయలలో బంగారము ధర పెరిగెను. పుస్తె, గాజులు, నాను మొదలగునవి కంసాలి కొలిమికిని, అటనుండి బొంబాయి రేవునకును, అటనుండి లండనునకును పోయెను. దేశపు చెల్లింపులు సర్దుకొనుటకు ఆ బంగారము ఎంతయో తోడ్పడినదని నాటి ఆర్థికాధికారులు సంతసించిరి. తోడ్పడినది నిజమే. అది ఎవరి మెడ నుండి వచ్చినదో ఆ లెక్కలలో కానరాదు.

బర్మా సంగతి మన తెలుగువారికి మరింత సన్నిహితమైనది. గోదావరి, విశాఖపట్టణము, గంజాం తీరములనుండి వేలకొలది కూలీలు ఏటేట రంగూను రేవునకు పోవుచుండిరి. యానాము పొరుగుననున్న కోరంగి రేవు పేర వారిని అచ్చట ‘కొరంగీ’లని పిలుచుచుండిరి. వరి ఎగుమతియే వారి కూడు. 1930 మే మాసమున రేవు కూలీలు కూలి హెచ్చింపునకై సమ్మెకట్టగా, వారి స్థానమున బర్మీయులను పనిలో పెట్టిరి. సమ్మె తీరి తెలుగువారు తిరిగి పనిలోనికి రాగానే బర్మీయులను పొమ్మనిరి. 26వ తేదీన చెలరేగిన దొమ్మీలో నూటికి పైగా ప్రాణములు పోయెను. ఇద్దరు బీదలను ఒకే కూలికి పోటీగా నిలిపినది వరి వర్తకము. పోట్లాడుకొన్నది మాత్రము బీదలు. అదే కాలమున బర్మా రైతు గతి యేమి? దిగువ బర్మాలోని ముఖ్యమైన వరి జిల్లాలలో చెట్టియార్ల చేతిలోనున్న భూమి 1930లో నూటికి 6 వంతులు కాగా, ఆ దశాబ్ది చివరకు నూటికి 25 వంతులయ్యెను. చెట్టియార్లు భూమిని కోరి వచ్చినవారు కారు. వారికి కావలసినది వడ్డీ. వడ్డీ రానందున భూమి వచ్చెను. బాకీ కదలక ధర కదలినచో తుదకు కదలునది భూమియే యని చెప్పుటకు ఇంతకంటె స్పష్టమైన లెక్క దొరకదు.

సంక్షోభము అందరికిని నష్టమే తెచ్చునని తలంచుట పొరబాటు. పల్లెలో అప్పు తిరిగి రాదని గ్రహించిన ధనము పట్టణమునకు మరలెను. కోయంబత్తూరు ప్రాంతమున తరతరములుగా నెలకొనియున్న తెలుగు రైతు కుటుంబములు, చౌకగా దొరకిన ప్రత్తిని, చౌకైన కూలిని, అప్పుడే వచ్చిన పైకారా విద్యుచ్ఛక్తిని ఆసరాగా గొని 1930 తరువాతి సంవత్సరములలో నూలు మిల్లులు స్థాపించినవి. 1932లో చక్కెర పరిశ్రమకు సుంకపు రక్షణ లభింపగా దేశమున చక్కెర మిల్లుల సంఖ్య అయిదేండ్లలో నాలుగింతలకు చేరెను. విశాఖపట్టణము జిల్లాలోని ఏటికొప్పాకలో 1933లో చెరకు రైతులు తామే సహకార సంఘముగా ఏర్పడి కర్మాగారము పెట్టుకొనిరి. ఈ చివరి యుదాహరణమును మేము ప్రత్యేకించి చెప్పుటకు కారణము కలదు. తక్కిన చోట్ల రైతు పంట చౌకయగుటచే మిల్లు లాభపడెను. ఏటికొప్పాకలో రైతు మిల్లులోనే భాగస్వామి యయ్యెను. ధర పడినపుడు పొలము వద్ద పోయినది కొంతవరకైనను గానుగ వద్ద తిరిగి వచ్చు మార్గమది. ఆహార పరిశ్రమ రైతునకు మిత్రమా, శత్రువా యని వాదించుట వృథా. దాని యాజమాన్యములో రైతునకు పాలున్నదా లేదా యనునదే ప్రశ్న.

ఇక ప్రభుత్వపు చర్యలు. 1935లో విదేశపు నూకలపై మణుగునకు 12 అణాల సుంకము విధించిరి. ఆ యేడే ఋణగ్రస్తుల రక్షణకు ఒక చట్టమును, 1936లో ఋణముల రాజీకి మరియొక చట్టమును వచ్చినవి. 1937-38లో ఇచ్చాపురమునుండి చెన్నపట్టణము వరకు రైతులు కాలినడకన రక్షణ యాత్ర సాగించిరి. 1938లో రాజగోపాలాచారిగారి మంత్రివర్గము వ్యవసాయదారుల ఋణవిముక్తి చట్టమును చేసెను. 1932 అక్టోబరు 1వ తేదీకి పూర్వపు అప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి పేరుకొన్న వడ్డీ యావత్తును అది రద్దు చేసెను. అసలునకు రెట్టింపు అప్పటికే చెల్లించినవాని బాకీ తీరినట్లే యని తీర్మానించెను. తరువాతి అప్పులకు వడ్డీ నూటికి 5గా కట్టుదిట్టము చేసెను. అది ధైర్యముగల చట్టము. దానిని తక్కువ చేయుట మా యుద్దేశము కాదు.

అయినను తేదీలను చూడుడు. ధర కూలినది 1930లో. చట్టము వచ్చినది 1938లో. ఆ ఎనిమిదేండ్లలో తాకట్టు భూమి క్రయమైపోయిన రైతునకు రద్దుచేయవలసిన వడ్డీ లేదు, భూమియును లేదు. నిలిచియున్నవానికి ఉపశమనము దొరకెను, పడిపోయినవానికి దొరకలేదు. మరియొక చిక్కు: మన డెల్టాలలో అప్పిచ్చువారు పెక్కురు సాటి రైతులే, పెద్ద రైతులు. వడ్డీ ఒక్క కలముతో రద్దుకాగలదని తెలిసిన పిమ్మట చేబదులిచ్చువాడు జంకును. ఆలస్యముగా ఒక్కసారిగా చేయు మాఫీకంటె, సకాలమున కొద్దికొద్దిగా సడలించు వాయిదా మేలన్నది 1938 చెప్పిన పాఠము.

ఆ పాఠమును మనము నేర్చుకొంటిమా? ధరలు పడినపుడు రైతు నష్టపడినచో, లేచినపుడైన లాభపడవలెను గదా. 2008 తొలి నాలుగైదు మాసములలో ప్రపంచపు బజారున బియ్యము ధర రెండింతలను దాటెను. ఆ యేడు ఏప్రిల్ లో మన ప్రభుత్వము బాసుమతి కాని బియ్యము ఎగుమతిని పూర్తిగా నిషేధించెను. దేశమున బీదలకు అన్నము చౌకగా దొరకవలెనన్న ఆశయము సరియైనదే. మద్దతు ధరను హెచ్చించిన మాటయు నిజమే. కాని ఆ నిషేధము 2011 సెప్టెంబరు వరకు కొనసాగెను. ఈలోపల ఎరువు, కూలి, డీజిలు ధరలు పెరుగుచు వచ్చెను. పండిన ధాన్యమును మద్దతు ధరకు కొనువారు లేరని రైతులు మొరపెట్టిరి. ఆ 2011 ఖరీఫ్ లోనే కోనసీమ రైతులు వేలాది ఎకరముల పల్లపు భూమిని బీడుపెట్టి ‘పంట విరామము’ ప్రకటించిరి. నీరుండి, నేల ఉండి, చేతిలో విద్య ఉండి, పండించినచో నష్టమని పండింపక మానుట డెల్టాలో కనివిని యెరుగని సంగతి. దీనిని విచారించుటకు ప్రభుత్వము మోహన్ కందాగారి అధ్యక్షతన సంఘమును నియమింపవలసి వచ్చెను. 2023 జులైలో తెల్లబియ్యము ఎగుమతిని మరల నిషేధించి 2024 సెప్టెంబరులో తొలగించిరి. ధర పడినచో అది బజారు ధర్మమందురు. లేచినచో అది దేశ క్షేమమందురు. రెండు ధర్మములును రైతు గాదె మీదనే నడచుచున్నవి.

2008లోనే కేంద్ర ప్రభుత్వము వ్యవసాయ ఋణముల మాఫీని ప్రకటించెను. అది బ్యాంకుల, సహకార సంఘముల బాకీలకే వర్తించెను. షావుకారు వద్ద, ఎరువుల దుకాణమున, మిల్లు వద్ద అప్పుచేసిన కౌలురైతు దాని గడప దాటి లోనికి రాలేకపోయెను. 2014లో తెలుగు రాష్ట్రములు రెండును, 2024లో తెలంగాణము మరల మాఫీలు చేసినవి. అవి నిజముగా కొందరిని ఒడ్డున వేసినవి. కాని ప్రతి మాఫీయును 1938 వలెనే గడచిన సంక్షోభమునకు మందు. రాబోవు దానికి కాదు.

2020 నాటి మహమ్మారి మరియొక విధమైన సంక్షోభము. ఆ మార్చి చివర దేశమంతటను రాకపోకలు స్తంభించెను. ఏప్రిల్ మొదలు మూడు మాసములలో దేశపు మొత్తము ఉత్పత్తి అంతకు ముందటి యేటికంటె నూటికి 24 వంతుల మేర తగ్గినదని ప్రభుత్వపు తొలి లెక్క తెలిపెను. అదే మూడు మాసములలో వ్యవసాయము నూటికి 3 వంతులకు పైగా పెరిగెను. ధాన్యమును ప్రభుత్వము కొనెను; ఆ గిడ్డంగులనుండియే 80 కోట్ల మందికి తలకు నెలకు 5 కిలోల చొప్పున ఉచితముగా గింజలు పంచగలిగిరి. కొనువాడున్న పంట నిలిచెను. కొనువాడు లేని సరకు గతి వేరు. వ్యాధి మన దేశమున వ్యాపింపకముందే, కోడిమాంసమువలన అది సోకునను వదంతి మాత్రము చేత, ఆ ఫిబ్రవరి, మార్చి మాసములలో కోళ్ల ధర నేల కరచెను. వదంతిని పోగొట్టుటకు హైదరాబాదులో మంత్రులు వేదిక యెక్కి కోడిమాంసము తినవలసి వచ్చెను. కోడి మేతకు, షెడ్డు వాయిదాకు మాత్రము వదంతి సోకలేదు. నిలువచేయవీలులేని సరకు, హామీ లేని ధర, ఆగని వడ్డీ, ఈ మూడును కలసినచోట ఒక్క మాసపు అలజడియే ఒక కుటుంబమును దివాలా తీయింపగలదు. ఈ మూడును కలిసియున్నవి గనుకనే కోళ్లకు 2020లో జరిగినది రొయ్యలకు 2025లో జరిగెను.

మన తెలుగు రైతు రాబోవు సంక్షోభమును ఎట్టి స్థితిలో నెదుర్కొనును? 2019లో కేంద్ర ప్రభుత్వము జరిపిన వ్యవసాయ కుటుంబముల స్థితిగతుల సర్వే ప్రకారము, దేశమంతటను వ్యవసాయ కుటుంబములలో నూటికి 50 అప్పులోనున్నవి. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 93, తెలంగాణములో నూటికి 92 ఉన్నవి. సగటున కుటుంబమునకు అప్పు దేశము మొత్తమునకు సుమారు 74 వేల రూపాయలు కాగా, ఆంధ్రప్రదేశ్‌లో అది 2 లక్షల 45 వేలు. తమిళనాడులో 1 లక్ష 6 వేలు. అప్పు దొరకుట అభివృద్ధికి చిహ్నమని కొందరందురు. కొంత నిజమే, బ్యాంకు గుమ్మము తెలియని రైతునకు బ్యాంకు బాకీ యుండదు. కాని ఇంత బరువు నెత్తిన పెట్టుకొని నడచువానికి చిన్నరాయి తగిలినను పడిపోవును. దేశములోకెల్ల హెచ్చుగా బజారునకు పండించు రైతులలో వీరొకరు. దేశములోకెల్ల హెచ్చుగా బాకీపడినవారును వీరే.

అట్లయినచో ఏమి చేయవలెను? ధరలు పడకుండ ప్రభుత్వమే అన్ని పంటలను కొనవలెనని మేము చెప్పుట లేదు. అంత ధనము ఏ ఖజానాలోను లేదు. ఆ ఖర్చు తిరిగి పట్టణపు కూలివాని బియ్యపు సంచి మీదనే పడును. మేము కోరునది అంతకంటె చిన్నది, సాధ్యమైనది. ధర కదలక తప్పనిచో, బాకీ కూడ కదలనిండు.

మొదటిది. వరదవచ్చి పంట కొట్టుకొనిపోయినచో, అనావృష్టిచే ఎండిపోయినచో, బ్యాంకు వాయిదాలను పొడిగించుటకు రిజర్వు బ్యాంకు నిబంధనలు మార్గము చూపుచున్నవి. పంట నిండుగా పండి ధర సగమైనచో ఆ మార్గము తెరుచుకొనదు. రైతు గాదెకు మాత్రము రెండింటికిని భేదము లేదు. సగము పంట పూర్తి ధరకు అమ్మినను, పూర్తి పంట సగము ధరకు అమ్మినను చేతికి వచ్చునది ఒక్కటే. ప్రకృతి వైపరీత్యము వలెనే ధర వైపరీత్యమును కూడ ప్రకటించు పద్ధతి ఒకటి ఏర్పడవలెను. ఒక పంట ధర ఇంత వంతు పడినచో ఆ యేటి వాయిదా దానంతట అదే మరుసటి యేటికి జరుగవలెను. రద్దు కాదు, వాయిదా. బ్యాంకునకు అసలు పోదు. రైతునకు భూమి పోదు. ఇది 1931లో జరిగియున్నచో 1938లో అంత పెద్ద కత్తి దూయవలసిన యవసరము ఉండకపోయెడిది.

రెండవది. ఎగుమతి నిషేధము ఎన్నడును తగదని మేము వాదింపము. 1942లో బర్మా జపాను వశమై అచ్చటి బియ్యము ఆగిపోయిన మరుసటి యేడు వంగదేశమున లక్షలాది ప్రజలు ఆకలితో మరణించిరి. ఆ స్మృతి గల ప్రభుత్వము బియ్యము విషయమున జాగ్రత్త వహించుట సహజము. కాని దేశము కొరకు రైతు వదులుకొన్న ధరలో కొంతైనను దేశమే భరింపవలెను. నిషేధము ఎంతకాలమో ముందు తెలియవలెను. నాట్లు వేసిన పిమ్మట ఆట నియమములు మార్చుట న్యాయము కాదు.

మూడవది కౌలు. దీనిని ప్రభుత్వమునకు గాక మా పాఠకులకే నివేదించుచున్నాము. ఈ నగరమందలి తెలుగు న్యాయవాదులలో, వైద్యులలో, ఇంజనీర్లలో, ఆడిటర్లలో పలువురకు గోదావరి గట్టుననో, కృష్ణ గట్టుననో, నెల్లూరు సీమలోనో తాతల నాటి పొలము కలదు. దానిని దున్నునది కౌలురైతు. కౌలు ఇన్ని బస్తాలనియో, ఇంత రొక్కమనియో ముందే మక్తాగా నిర్ణయింపబడును. చెరువులకైనచో రొక్కము ముందే పుచ్చుకొందురు. పంట పోయినను, ధర పడినను ఆ అంకె మారదు. 1930లో డెల్టా రైతు నెత్తినున్న కదలని బాకీలు శిస్తును, అప్పును. నేడు శిస్తు నామమాత్రమైనది. దాని స్థానమున మన కౌలు కూర్చున్నది. నాడు దొరతనము చేసినదానిని మనము దూషింతుము. పెరిగిన ధరలను చూచి నిర్ణయించిన మొత్తమును పడిన ధరల యేట వసూలుచేయుట నాడు అన్యాయమైనచో నేడెట్లు న్యాయమగును?

మరియొక సంగతి. కౌలురైతునకు బ్యాంకు అప్పు గాని, పంట నష్టపరిహారము గాని దొరకవలెనన్నచో అతడు సాగుదారని కాగితము కావలెను. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టము అట్టి పత్రమునకు పదునొకండు మాసముల ఒడంబడికయు, దానిపై భూయజమాని సమ్మతియు కావలెనని విధించెను. యజమాని హక్కునకు భంగము రాదని ఆ చట్టమే చెప్పినను, ‘సంతకము పెట్టినచో భూమి పోవునేమో’ అను భయముచే పెక్కురు పెట్టలేదు. చట్టములు మారవచ్చును, ఈ భయము మారనిచో ఏ చట్టమును పనిచేయదు. సంతకము లేని కౌలురైతు బ్యాంకు గుమ్మమునుండి మేత దుకాణమునకు, దుకాణమునుండి హెచ్చు వడ్డీ షావుకారునకు పోవును. ఇతరుల దస్తావేజులకు భద్రత కల్పించుటయే వృత్తిగాగల మన న్యాయవాదులకు, ఈ ఒక్క కాగితము వలన పట్టా పోదని తెలిసికొనుట కష్టము కాదు. తెలిసికొని తమ బంధువులకు చెప్పుట అంతకంటెను కష్టము కాదు.

తొలకరికి ముందు కౌలు మాటలు జరుగును. ఈ యేడు ఆ మాటలకు కూర్చున్నపుడు మా పాఠకులు రెండు సంగతులు చేయుదురు గాక. మక్తాకు బదులు పంటలో పాలునకు ఒప్పుకొనుట, లేదా ధర ఇంత వంతు పడినచో కౌలును అంత వంతు తగ్గింతునని ఒడంబడికలో ఒక్క వాక్యము చేర్చుట, ఇది మొదటిది. సాగుదారు పత్రము మీద సంకోచింపక సంతకము చేయుట రెండవది. ఇందువలన మనకు కలుగు నష్టము చెడ్డ యేట కొన్ని బస్తాలు మాత్రమే. అమెరికా సుంకములను మనము తగ్గింపలేము. రంగూను ధరను నాడు మన పూర్వులు నిలుపలేకపోయిరి. కౌలు చీటీ మాత్రము మన చేతిలోనే యున్నది.